అడ్మిరలమ్మ పెత్తనం

హార్బరులో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆవిడ అడ్మిరలమ్మ. మొదట్లో తూకం దగ్గర కూలీ ఎవడో వెటకారానికి అన్న మాట అది. ఆవిడ కోప్పడలేదు సరికదా, బిరుదు ఇచ్చినంత సంబరపడింది. "ఏదీ, ఇంకోసారి అను" అని అడిగి మరీ అనిపించుకుంది. దాంతో ఆ మాటలోని వెటకారం కాస్తా చచ్చిపోయి, మర్యాద మిగిలింది.

ఆవిడది ఉప్పు వ్యాపారం. రేవు వెనకవీధిలో రేకుల కప్పు వేసిన పొడుగాటి గిడ్డంగులు, వాటి ముందు లారీల తూకం, తూకం పక్కనే చిన్న ఆఫీసు గది. ఆ గదిలో బల్ల మీద చెయ్యి పెడితే చెయ్యి తెల్లబడుతుంది, మాట్లాడుతూ పెదవి తడుపుకుంటే ఉప్పగా ఉంటుంది. మామగారు చిన్న కొట్టుగా అప్పజెప్పి వెళ్తే ఇంతది చేసింది ఆవిడే. భర్త బతికున్నన్నాళ్ళూ, "ఈ ఇంట్లో నేను ప్రయాణికుణ్ణి, డ్రైవరు మా ఆవిడే" అని నలుగురిలో నవ్వేవాడు. ఆ మాటకు ఆవిడ సిగ్గుపడడం ఎవరూ చూడలేదు.

ఇంత ఉన్నా ఆవిడకు సొంత ఓడ లేదు. అడ్మిరలమ్మకు ఓడ లేకపోవడం ఏమిటని మీరు నవ్వితే నవ్వొచ్చుగానీ, సముద్రం మీద జరిగే వ్యాపారం చాలావరకు అద్దె ఓడల మీదే నడుస్తుంది. ఆ అద్దెనే చార్టరు అంటారు. ఆవిడ చార్టరుకు తీసుకున్న ఓడ నవ్వులాయనది. ఆయన మంచి వార్తకూ చెడ్డ వార్తకూ ఒకేలా నవ్వుతాడు కాబట్టి ఆ పేరు. ఓడ ఆయనది, కెప్టెన్ నుంచి వంటవాడి దాకా జీతాలు ఆయనవి. ఆవిడ నెలనెలా అద్దె కట్టి, నూనె పోయించి, ఉప్పు ఎక్కించి, ఫలానా రేవుకు తీసుకెళ్ళమని చెబుతుంది. అంతవరకే ఆవిడ హక్కు.

అంతవరకే అని కాగితం అంటుంది. అడ్మిరలమ్మ లెక్క వేరు.

సరుకు ఎక్కించడం పూర్తయి, ఓడ పొట్ట మీద ఇనుప మూతలు దిగగానే ఆవిడ పసుపు గొడుగు తీసుకుని జెట్టీ చివరిదాకా నడిచేది. ఎండకూ కాదు, వానకూ కాదు ఆ గొడుగు. చివర నిలబడి, ఓడను ఆ మూల నుంచి ఈ మూలకు ఒకసారి చూసి, గొడుగును నెత్తికి పైన నిటారుగా ఎత్తేది. ఎత్తిన మరుక్షణం ఓడ పొడుగ్గా హారన్ కొట్టేది. తాళ్ళు విడిపోయేవి. అంత పెద్ద ఇనుము ఆ గుప్పెడు మనిషి మాట విని కదిలేది. కూలీలు పని ఆపి చూసేవారు. ఆ సమయంలో అడ్మిరలమ్మ మొహం చూడాలి, పెళ్ళిలో పెద్దముత్తయిదువకు కూడా అంత వెలుగు ఉండదు.

"నేను చెప్పందే ఓడ కదలదు" అన్నది ఆవిడ రోజూ అనే మాట. హార్బరంతా ఆ మాట నమ్మింది. ఆవిడ అందరికంటే ఎక్కువ నమ్మింది.

అలాంటిది ఒక పొద్దున పొగమంచు కమ్ముకుంది. జెట్టీ మీద ఆవిడ కాళ్ళు ఆవిడకే కనిపించడం లేదు. ఓడ పక్కనే ఉందని ఇంజను గురక వల్ల తెలియడమే తప్ప ఆకారం లేదు. అడ్మిరలమ్మకు పెత్తనం ఎక్కువేగానీ బుద్ధి తక్కువ కాదు. ఈ మంచులో పంపకూడదు, కాస్త తేలికపడనీ అనుకుని, ఓడ తాళ్ళు కట్టే ఇనుప గుంజ మీద గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇంజను చప్పుడు మారింది. తాళ్ళు నీళ్ళలో పడిన శబ్దం వినిపించింది. ఆవిడ దిగ్గున లేచింది. "ఆగండి! నేను ఎత్తలేదు! ఆగండి!" అని గొంతు చించుకుని అరిచింది. నల్లటి గోడలాంటిది ఏదో ఆవిడ పక్కనుంచి మెల్లగా జారి మంచులో కలిసిపోయింది. హారన్ మోగింది. అది ఆవిడ కోసం మోగింది కాదు, మంచు కోసం మోగింది.

ఓడ వెళ్ళిపోయింది. ఆవిడను అడక్కుండా వెళ్ళిపోయింది.

ఆవిడకు తల తీసేసినట్టయింది. కాసేపు అక్కడే నిలబడి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకుంది. చూడడానికి అసలు ఏమీ కనిపిస్తేగా! వెనక్కి నడిచి టీకొట్టు దగ్గరికి వచ్చేసరికి, టీకొట్టాయన గ్లాసు చేతికిస్తూ, "ఏమ్మా, ఇంత మంచులో కూడా పంపేశారా?" అన్నాడు.

అప్పుడు నిజం చెప్పేసి ఉంటే ఈ కథే లేదు. కానీ అడ్మిరలమ్మ నోటికి అలవాటైన దారి ఒకటే.

"ఆఁ, నేనే పంపాను. నా గొడుగు లేస్తే మంచైనా సరే పక్కకి తప్పుకోవాలి" అంది. బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా మెచ్చుకోలుగా నవ్వారు.

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టకముందే కబురొచ్చింది. హార్బరు నోరు దాటుతూనే ఓడ ఒక చేపల పడవను గుద్దింది. పడవ మునిగిపోయింది. అది ఇద్దరు అన్నదమ్ముల పడవ. మనుషులందరినీ నీళ్ళలోంచి పైకి లాగారుగానీ, తమ్ముడి భుజం విరిగింది.

అన్నదమ్ములు కేసు వేశారు. వెయ్యకపోతే ఏం చేస్తారు, బతుకు అంతా నీళ్ళ అడుగుకు పోయింది మరి. ఓడ ఓనరైన నవ్వులాయన ఆ కేసులో నవ్వుతూ ఒక మాట పెట్టాడు. "ఓడ నాదేగానీ, ఆ పొద్దున దాన్ని పంపింది నేను కాదు. అద్దెకు తీసుకున్న అక్కయ్య పంపింది. ఆవిడ గొడుగు ఎత్తందే ఓడ కదలదని హార్బరులో పిల్లినడిగినా చెబుతుంది. కాబట్టి నష్టం ఆవిడ కట్టాలి" అన్నాడు.

అడ్మిరలమ్మ కోడలు లాయరు, అదీ ఓడల తగవులే చూసే లాయరు. కొడుకు ఆ పిల్లను చేసుకుంటానని తీసుకొచ్చినప్పుడు, "ఒక ఇంట్లో ఇద్దరు పెత్తందార్లు ఎలా రా!" అని ఆవిడే అంది. తీరా వచ్చాక ఇద్దరికీ బాగా కుదిరింది. పొద్దుటి కాఫీకి ఒక వాదన, రాత్రి భోజనానికి ఒక వాదన లేకపోతే ఇద్దరికీ తిన్నది అరగదు.

కోడలు నోటీసు చదివి, ఆఫీసు గదిలో అత్తగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అత్తయ్యా, మీరు డ్రైవరుతో సహా కారు అద్దెకి తీసుకున్నారనుకోండి. స్టేషన్‌కి పోనీ అన్నారు. దారిలో వాడు ఎవర్నో గుద్దాడు. బాధ్యత ఎవరిది?"

"గుద్దినవాడిది."

"వాడిది, వాడికి జీతమిచ్చే కారు ఓనరుది. ఎందుకంటే మీరు ఎక్కడికో చెప్పారు, ఎలా నడపాలో చెప్పలేదు. అలా కాకుండా ఖాళీ కారు తీసుకుని, మీ సొంత డ్రైవర్ని పెట్టుకుని తిప్పుకుంటున్నారనుకోండి. అప్పుడు గుద్దితే?"

"అప్పుడు నాది."

"ఓడలకీ అంతే. మనవాళ్ళతో, మన జీతాలతో నడిపితే ఓడ మనదే అయినట్టు. గుద్దితే మనమే కట్టాలి. వాళ్ళ మనుషులతో సహా తీసుకుంటే వాళ్ళదే. మనది డ్రైవరుతో సహా కారు తీసుకున్న ఆ మొదటి రకం."

"హమ్మయ్య. ఇంకేం మరి!"

"ఇంకేమంటే, నవ్వులాయన మూడో కథ చెప్తున్నాడు. కారు నాదే, డ్రైవరూ నావాడే, కానీ వెనక సీట్లో కూర్చున్నావిడ ముందుకి వంగి స్టీరింగు తిప్పేసింది అంటున్నాడు. అది రుజువైతే మనం మునిగినట్టే."

"మునగడమంటే?"

"పడవ, పోయిన వేట, ఆ అబ్బాయి వైద్యం, ఓడ మూతి రిపేరు, అన్నీ కలిపి మన నెత్తిన. మీ ఇన్సూరెన్సు ఉప్పుకి, గుద్దుకోడానికి కాదు. గిడ్డంగులు అమ్మాల్సొస్తుంది అత్తయ్యా. అన్నీ."

అడ్మిరలమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. తూకం మీద లారీ ఊగుతోంది. గిడ్డంగి గుమ్మంలో ఆడవాళ్ళు బస్తాలు కుడుతున్నారు. అందులో ఒకామె తల్లి కూడా ఇక్కడే కుట్టేది.

"మరిప్పుడు ఏం చెయ్యాలి?"

"ఏం లేదు, కోర్టులో రెండు ముక్కలు చెప్పాలి. గొడుగు ఎత్తడం అంటే టాటా చెప్పడం లాంటిదండీ, సరదా అండీ, ఓడ మీద నాకు ఏ అధికారమూ లేదండీ అని."

"టాటానా!" అడ్మిరలమ్మ కుర్చీలోంచి లేచినంత పనిచేసింది. "నా గొడుగు టాటానా? ఊరంతా వింటుంటే నేను ఉత్తినే చెయ్యి ఊపే ముసల్దాన్ని అని నా నోటితో చెప్పుకోవాలా?"

"గిడ్డంగులు కావాలా, పరువు కావాలా?"

"రెండూ కావాలి! రెండూ నిలబెట్టలేకపోతే నువ్వేం లాయరువి?"

కోడలు నవ్వింది. "ఆ పొద్దున గొడుగు ఎత్తినప్పుడు ఎవరైనా చూశారా?"

అదే సమయం. ఎత్తలేదు అమ్మాయ్ అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఎత్తలేదంటే దాని వెనకే ఇంకో మాట వస్తుంది, ఎత్తకపోయినా ఓడ వెళ్ళిపోయింది అని. ఆ రెండోది ఆవిడకు మింగుడుపడడం లేదు. గిడ్డంగులు పోతాయన్న భయం ఒక పక్క, ఆ మాట బయటపడుతుందన్న సిగ్గు ఒక పక్క, ఏది బరువో తేల్చుకోలేక నీళ్ళు నమిలింది.

"మంచులో ఎవరు చూస్తారే!" అని ఊరుకుంది.

కోర్టు రోజున హార్బరు సగం అక్కడే ఉంది. టీకొట్టాయన కొట్టు మూసి వచ్చాడు. తూకం మనుషులు గోడవార నిలబడ్డారు. ముందు బెంచీ మీద పడవ అన్నదమ్ములు, తమ్ముడి చెయ్యి మెడకు వేలాడేసిన గుడ్డలో ఉంది. నవ్వులాయన అడ్మిరలమ్మను చూసి, "బావున్నారా అక్కయ్యా?" అని పలకరించాడు. "నీ దయవల్ల" అంది ఆవిడ, పళ్ళు బిగించి.

మొదట కెప్టెన్ను పిలిచారు. నవ్వులాయన దగ్గరే నెరిసిన మనిషి. అతను నేల చూపులు చూస్తూ, "అమ్మగారు పంపితేనే బయల్దేరామండి. ఎప్పుడూ అంతే" అన్నాడు.

కోడలు లేచింది. వాదించేటప్పుడు ఆ పిల్లకు చేతులు ఊపే అలవాటు లేదు. కూరగాయల బేరం చేసినంత నిదానంగా అడుగుతుంది.

"కెప్టెన్ గారూ, ఆ పడవ మీకు ఎప్పుడు కనిపించింది?"

"తగిలాక కనిపించిందండి. చెక్క పడవ, రాడారులో కూడా సరిగ్గా తెలీలేదు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, నా ఓడ మూతి నాకే కనిపించలేదు."

"ఓడ మూతే కనిపించలేదా?"

"ఒట్టండి, అస్సలు కనిపించలేదు."

"మరి జెట్టీ చివర గొడుగు ఎలా కనిపించింది?"

కెప్టెన్ పెదవులు తడుపుకున్నాడు.

"ఎత్తారని అనుకున్నానండి."

"అనుకున్నారా, చూశారా?"

"చూళ్ళేదు."

"మరి ఎవరు చెబితే బయల్దేరారు?"

కెప్టెన్ నవ్వులాయన వైపు చూశాడు. నవ్వులాయన నవ్వుతూనే ఉన్నాడుగానీ ఆ నవ్వు ఈసారి కళ్ళ దాకా పోలేదు. కెప్టెన్ తల పైకెత్తాడు. అబద్ధం మోసి మోసి అలిసిపోయిన మొహం అతనిది.

"ఓనరు గారు ఫోన్ చేశారండి. ఆ ట్రిప్పు అవగానే ఓడ రిపేరు యార్డుకి వెళ్ళాలి. ఆలస్యమైతే అక్కడ మన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు, మంచూ లేదు గించూ లేదు, కదలండి అన్నారు."

హాలంతా గోలగోలైంది. జడ్జిగారు బల్ల మీద కొట్టాల్సి వచ్చింది. కోడలు కూర్చుంటూ అత్తగారి వైపు కన్ను గీటింది. ఇక మీరు ఏమీ చెడగొట్టకపోతే చాలు అని దాని అర్థం.

నవ్వులాయన లాయరు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. కళ్ళజోడు తుడుచుకుంటూ లేచి అడ్మిరలమ్మను బోను ఎక్కించాడు.

"ఓనరు ఫోన్ చేసి ఉండొచ్చు. కానీ తమరు కూడా పంపారు కదమ్మా. టీకొట్టు దగ్గర నలుగురిలో, 'నేనే పంపాను' అన్నారు. అన్నారా, లేదా?"

"అన్నాను."

"గొడుగు మంచులో కనిపించకపోతే ఫోన్లోనో, మనిషి చేతో చెప్పి ఉంటారు. తమరు చెప్పందే ఓడ కదలదని తమరే అంటారు. ఇన్నేళ్ళుగా ఈ హార్బరు తమరిని అడ్మిరలమ్మ అని ఊరికే అనడం లేదు. అవునా?" అని ఆగి, గొంతులోకి తేనె తెచ్చుకున్నాడు. "లేక మీ కోడలుగారు చెప్పించాలని చూస్తున్నట్టు, తమరి మాటకి ఆ ఓడ మీద పూచికపుల్లంత విలువ కూడా లేదా? చెప్పండమ్మా. మీవాళ్ళంతా వింటున్నారు."

ఆ లాయరు మనిషి నాడి బాగా పట్టాడు. అడ్మిరలమ్మ కళ్ళ ముందు హాలు మొత్తం కనిపించింది. బస్తాలు కుట్టే ఆడవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. టీకొట్టాయన, ఆవిడ ఇప్పుడు ఏదో గట్టిగా అంటుందని ముందే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. నా మాటకి విలువ లేకపోవడమేమిట్రా అన్న కేక నాలుక చివర ఉంది. ఆ ఒక్క కేక వేస్తే పరువు నిలబడుతుంది, గిడ్డంగులు పోతాయి. కోడలు కళ్ళు మూసుకుంది.

అడ్మిరలమ్మ చూపు పడవ తమ్ముడి మీద ఆగింది. కుర్రవాడు ఎడమచేత్తో మెడలోని గుడ్డ ముడి సర్దుకోలేక తంటాలు పడుతున్నాడు. అన్న వంగి ముడి సరిచేశాడు. ఇంత గొడవలోనూ వాళ్ళిద్దరూ ఎవరిది పెత్తనమో తెలుసుకోవడానికి రాలేదు. తమను గుద్దింది ఎవరో తెలుసుకోవడానికి వచ్చారు. వాళ్ళకు కూడా తను అబద్ధమే చెప్పబోతోంది. అందుకు ఆవిడకు తల ఎత్తలేనంత సిగ్గనిపించింది.

"నేను పంపలేదు" అంది.

"మరి పంపానన్నారు?"

"అబద్ధం చెప్పాను. ఆ పొద్దున నేను గొడుగు ఎత్తనే లేదు. మంచు పోయాక ఎత్తుదామని కూర్చున్నాను. అది వెళ్ళిపోయింది. ఆగండి, ఆగండి అని అరిచాను. ఎవరూ ఆగలేదు. నన్ను అడక్కుండా ఓడ వెళ్ళిపోయిందని చెప్పుకోడానికి నామోషీ వేసి, నేనే పంపానని టీకొట్టు దగ్గర కోతలు కోశాను. చాలా?"

టీకొట్టాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. ఎలాగూ నీళ్ళలో దిగింది కదా, ఇక తడుస్తానేమోనని చూసుకునే మనిషి కాదు. బోనులోంచే పక్కకు తిరిగింది.

"కెప్టెన్! నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు. ఏ ఒక్కరోజైనా నా గొడుగు చూసి బయల్దేరావా?"

"సాక్షి సాక్షిని ప్రశ్నించకూడదమ్మా" అన్నారు జడ్జిగారు. కానీ ఆయనకూ తెలుసుకోవాలనే ఉంది కాబోలు, కాస్త దగ్గి, "కెప్టెన్, సమాధానం చెప్పు" అన్నారు.

కెప్టెన్ తప్పుచేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"హార్బరువాళ్ళు రేడియోలో సరే అనాలండి. అది వచ్చాక నేను చూసుకుని బయల్దేరాలి. అదే పద్ధతి. కానీ అమ్మగారు నడిచి వచ్చి నిలబడతారు కదా. అంతా సిద్ధంగా ఉన్నా ఆవిడ గొడుగు ఎత్తేదాకా ఆగి, అప్పుడు హారన్ కొట్టేవాణ్ణి. ఆవిడ సంతోషపడతారని."

నవ్వు ఎక్కణ్ణుంచి మొదలైందో తెలియదుగానీ గది కప్పు లేచిపోయింది. అడ్మిరలమ్మ చెవులు ఎర్రగా కాలిపోయాయి. ఇన్నేళ్ళ పెత్తనం ఒక మంచివాడు జాలితో కొట్టిన హారన్! కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది, కానీ మధ్యదారిలో అది ఎలా మారిందో మారి, నవ్వయి బయటపడింది. అందరికంటే గట్టిగా, చివరిదాకా నవ్వింది ఆవిడే.

తీర్పు అన్నదమ్ములకూ అడ్మిరలమ్మకూ మేలుగానే వచ్చింది. సరుకు ఎక్కడికి చేరాలో చెప్పినంత మాత్రాన ఓడ నడిపినట్టు కాదని, కెప్టెన్ ఎవరి మాట వినాలో వారే గుద్దినదానికి పూచీ అని, ఈమెకు ఆ ఓడపై ఏ అధికారమూ లేదని జడ్జిగారు చదివారు. నష్టమంతా నవ్వులాయన కట్టాలి. ఆయన అప్పుడు కూడా నవ్వాడుగానీ, ఎవరూ తిరిగి నవ్వలేదు.

"గెలిచాం అత్తయ్యా!" అని కోడలు వాటేసుకుంది.

"గెలిచాం" అంది ఆవిడ.

హార్బరు ఆవిడను ఆటపట్టించకుండా ఉండలేదు. "అమ్మా, టీ మీరు చెప్పాక ఇవ్వమంటారా, మేం ఇచ్చేస్తే మీరు గొడుగు ఎత్తుతారా?" అని టీకొట్టాయన అడిగాడు. "ముందు గ్లాసు కడుగు, తర్వాత వేళాకోళం ఆడుదువుగాని" అని ఆవిడ చురక అంటించింది. నిజం బయటపడితే చచ్చిపోతాననుకున్న మనిషికి ఆకలి కూడా పెరిగింది. గిడ్డంగులు దక్కాయి, పరువూ అంత ఘోరంగా ఏం పోలేదు. ఇక కథ ఇక్కడ అయిపోవాలి.

కానీ ఒక సాయంత్రం చేపల రేవు మీదుగా వస్తుంటే పడవ తమ్ముడు ఎదురయ్యాడు. కొత్త పడవకు రంగు వేస్తున్నారు. ఎడమచేత్తో బ్రష్షు పట్టుకుని పలకరించాడు.

"పెద్దమ్మా, ఆ రోజు మీరు ఆగమని అరిచారట కదా."

"అరిచాను నాయనా."

"మీ మాట వినేవాళ్ళు ఉండుంటే బావుండేది."

అతను నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా అని మళ్ళీ రంగులో బ్రష్షు ముంచుకున్నాడు. అడ్మిరలమ్మకు మాత్రం ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది, అన్నం ముందు కూర్చుంది, మంచం మీద పక్కన పడుకుంది. కోర్టులో తను గెలిచింది ఏమిటి? నా మాట ఎవరూ వినరు కాబట్టి నా తప్పు లేదని. ఇన్నేళ్ళూ ఎత్తింది ఎవరూ వినని మాటేనా? నా మాట వినేవాళ్ళే ఉంటే ఆ కుర్రాడి భుజం విరిగేది కాదు.

మర్నాడు పొద్దున్నే కోడలి ఆఫీసుకు వెళ్ళి ఎదురుకుర్చీలో కూర్చుంది.

"అమ్మాయ్, ఆ రెండో రకం అద్దె ఉందన్నావే, ఖాళీ కారు తీసుకుని మన డ్రైవర్ని పెట్టుకునేది. ఓడకి అలాంటిది రాయించు."

కోడలు పెన్ను కింద పెట్టింది. "అత్తయ్యా, మీకు జ్వరం గానీ వచ్చిందా? మీకు బాధ్యత లేదని నిరూపించడానికి నా ప్రాణం పోయింది. ఇప్పుడు మీరే వెళ్ళి నెత్తికెత్తుకుంటారా?"

"ఓడ చూశాను. చిన్నదే, యార్డులో ఖాళీగా ఉంది. దాని ఓనరు వేరే ఆయన, నవ్వడు. కెప్టెన్‌తో కూడా మాట్లాడాను. నిజం చెప్పినందుకు అతన్ని పన్లోంచి తీసేశారట."

"గుద్దుకుంటే మీదే. ఈసారి నేను కాదు కదా, నన్ను పుట్టించినవాళ్ళు వచ్చినా తప్పించలేరు."

"తెలుసు. దానికి తగ్గ ఇన్సూరెన్సు కూడా నువ్వే చూడు."

ఆ మొహం చూశాక వాదించి లాభం లేదని కోడలికి అర్థమైంది. ఆ మొహం ఆమెకు ఎంత ఇష్టమో అప్పుడే తెలిసింది కూడా.

సంతకాలకు కెప్టెన్ కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు దగ్గరే నిలబడితే, అడ్మిరలమ్మ కుర్చీ చూపించింది. కోడలు కాగితం ఒక్కో పేజీ చదివి వినిపించింది. ఒకచోట ఆగి, "ఓడ వల్ల ఇతర ఓడలకూ, పడవలకూ, మనుషులకూ జరిగే నష్టానికి పూర్తి బాధ్యత అద్దెకు తీసుకున్నవారిదే" అని నెమ్మదిగా, నొక్కి చదివింది.

"మళ్ళీ చదువు" అంది అడ్మిరలమ్మ.

కోడలు మళ్ళీ చదివింది. ఆవిడ పెన్ను అందుకుంది. ఎన్ని కాగితాల మీదో గీసి పారేసిన సంతకం, ఈసారి మొదటి అక్షరం దగ్గర వంకరపోయింది. అందరూ అది చూశారు. ఆవిడ దాచుకోలేదు.

"భయంగా ఉందా అత్తయ్యా?"

"ఉంది. ఇన్నాళ్ళూ లేకపోవడమే తప్పు" అని సంతకం పూర్తిచేసింది.

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, సరుకు రేపటికి ఎక్కేస్తుంది. ఎల్లుండి పొద్దున బయల్దేరమంటారా?"

కోడలు నవ్వు ఆపుకుంటూ అత్తగారి వైపు చూసింది. ఎంతకాలంగా ఎదురుచూసిన ప్రశ్న! నిజంగా ఆవిడ చెబితే తప్ప కదలని ఓడ. బయల్దేరు అన్న మాట ఇప్పుడు గది అదిరేలా వస్తుందనుకుంది.

అడ్మిరలమ్మ పెన్ను కింద పెట్టింది. కిటికీ బయట చేపల పడవలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డుకు వస్తున్నాయి. వాటిలో మనుషులు కనిపిస్తున్నారు, ఒకడు నిలబడి చొక్కా పిండుకుంటున్నాడు. ఆవిడ వాళ్ళందరినీ ఒక్కొక్కరినీ చూసినట్టు చూసి, కెప్టెన్ వైపు తిరిగింది.

"మీరేమంటారు?" అని అడిగింది. ఆవిడ అతన్ని మీరు అనడం అదే మొదలు.

"గాలీ నీళ్ళూ చూశాక చెప్తానమ్మా."

"చూశాకే చెప్పండి. నాకేం తొందర లేదు" అంది.